చిత్తరువులో చోటు దక్కని చేతులు

గత భాగంలో అమరావతి దిబ్బ అయిన దీపాలదిన్నె దగ్గర ఆగాం. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి విడిచి అమరావతిలో కొత్త పట్నం కట్టుకుంటున్న రోజుల్లో ఇటుకకీ రాతికీ ఆ దిబ్బను తవ్వించడం, ఆ కబురు విని 1798లో సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూసి వెళ్లడం చెప్పుకున్నాం. ఇప్పుడు పద్దెనిమిదేళ్లు ముందుకు జరిగి 1816కు రావాలి. ఆ ఏడాది మెకంజీ కోసం రెండు చోట్ల బొమ్మలు తయారయ్యాయి. మద్రాసులో థామస్ హికీ అనే ఐరిష్ చిత్రకారుడు ఆయన నిలువెత్తు చిత్తరువును కాన్వాసు మీద ఆయిల్ రంగుల్లో వేశాడు. ఇక్కడ కృష్ణ ఒడ్డున, పగిలిన తెల్లరాతి పలకల ముందు కూర్చుని సర్వే శాఖ డ్రాఫ్ట్స్‌మన్లు కాగితాల మీద శిల్పాలను గీశారు. హికీ చిత్రం మెకంజీ ప్రస్తావన వచ్చిన పుస్తకాల్లో తరచూ కనబడుతుంది. ఆ కాగితాలు మాత్రం బౌద్ధశిల్పం చదువుకున్నవాళ్లకే తెలుసు. గుంటూరు సీమ పురాచరిత్రను నిలబెట్టింది కాగితాలే కాని కాన్వాసు కాదని నా వాదన. కాన్వాసులో ఆ కాగితాల ఊసే లేకపోవడానికి కారణం కూడా ఆ కాలపు కళాదృష్టిలోనే ఉందని, అది యాదృచ్ఛికం కాదని ఇక్కడ చూపిస్తాను.

ముందు కాన్వాసు చూద్దాం. పెద్దదేమీ కాదు. నడుమ ఎర్ర కోటు సైనిక దుస్తుల్లో మెకంజీ నిలబడి ఉంటాడు. అప్పటికి ఆయన భారతదేశం మొత్తానికి సర్వేయర్ జనరల్. 1815లో ఆ పదవి వచ్చింది. చుట్టూ ముగ్గురు భారతీయులు. ఒకరి చేతిలో తాటాకు గ్రంథం, మరొకరి చేతిలో దుర్భిణి. వెనక దూరంగా గుట్ట మీద నిలువెత్తు గోమటేశ్వర విగ్రహం, ఇంకో ఎత్తు మీద గడకు తగిలించిన బుట్ట. ఆ విగ్రహం కార్కళలోదని కళాచరిత్రకారులు గుర్తుపట్టారు. 1432లో చెక్కిన విగ్రహం అది, సుమారు 42 అడుగులు. బుట్ట కట్టిన గడ సర్వే గుర్తు. కొండ మీద దాన్ని పాతి, మరో కొండ మీద నుంచి దానికి గురిపెట్టి కోణం కొలిచేవారు. అంటే ఈ చిత్రం మెకంజీ 1799 తర్వాత పదేళ్లపాటు నడిపిన మైసూరు సర్వేకు గుర్తు. ఆ సర్వేలో కొలత ఒక చేయి, పాత గ్రంథాల సేకరణ మరో చేయి. దుర్భిణి మొదటిదానికి, తాటాకు రెండోదానికి నిలిచాయి.

హికీ ఎవరో తెలియకపోతే ఈ అమరిక అర్థం కాదు. డబ్లిన్‌లో 1741లో పుట్టాడు, అక్కడే బొమ్మలు నేర్చాడు, 1760లలో కొన్నేళ్లు రోములో ఉన్నాడు. అవి ఐరోపా కళ గ్రీకు రోమను శిల్పాన్ని కొలబద్దగా పెట్టుకుని కొత్త దారి పట్టిన రోజులు. ఆ దారినే నియోక్లాసికల్ అంటారు. గీత స్పష్టంగా ఉండాలి, నిలకడ గంభీరంగా ఉండాలి, మనిషి పక్కన ప్రాచీనత ఉండాలి. రోముకు యాత్రగా వచ్చిన ఆంగ్ల ప్రభువులను పొంపియో బతోని అనే చిత్రకారుడు పాలరాతి విగ్రహం పక్కనో శిథిల స్తంభం పక్కనో నిలబెట్టి చిత్తరువులు వేసి ఇచ్చేవాడు. పక్కనున్న విగ్రహమే ఆ మనిషి విద్యకు హామీ. హికీ ఈ వాతావరణంలో ఎదిగినవాడు. కలకత్తాలో ఉండగా 1788లో ప్రాచీన చిత్రకళ, శిల్పకళల చరిత్ర మీద ఇంగ్లీషులో ఒక పుస్తకమే అచ్చు వేయించాడు. అలాంటివాడు మెకంజీ వెనక అపోలోను కాక గోమటేశ్వరుణ్ణి నిలబెట్టాడంటే అది చిన్న సంగతి కాదు. భారతీయ విగ్రహాలను వికృతాకారాలని ఐరోపా పెద్దలు చాలామంది కొట్టిపారేస్తున్న కాలం అది. ఒక చిత్తరువులో ప్రాచీన విగ్రహానికి ఏ గౌరవస్థానం ఉందో సరిగ్గా ఆ స్థానంలో దక్షిణాది జైన విగ్రహాన్ని కూర్చోబెట్టాడు హికీ. ఈ మేరకు ఆయనకు మనం రుణపడి ఉన్నాం.

అదే ఏడాది అమరావతి పలకలు గీయించుకుంటున్న మెకంజీ వెనక అమరావతి ఎందుకు లేదు, కార్కళ ఎందుకుంది అని అడగవచ్చు. దీనికి జవాబు తేలికే. 1807లో ఏషియాటిక్ రిసెర్చెస్ తొమ్మిదో సంపుటంలో మెకంజీ రాసింది జైనుల గురించి. అమరావతి శిథిలాలను కూడా ఆ లెక్కలోనే చూశాడు. అది బౌద్ధ స్తూపమన్న గ్రహింపు అప్పటికి ఎవరికీ లేదు. ఆయన దృష్టిలో గోమటేశ్వరుడూ దీపాలదిన్నె పలకలూ ఒకే ప్రాచీన మతానికి చెందిన ఆనవాళ్లు. వాటిలో చెక్కుచెదరకుండా ఆకాశానికి నిలిచింది గోమటుడు. అమరావతిలో చూపించడానికి నిలబడినది ఏముంది? దిబ్బ నడిభాగాన్ని చెరువుగా తవ్వేశారు. పలకలు కొన్ని శివగంగ చెరువు మెట్లలో కలిశాయి, కొన్ని గుళ్లలోకి వెళ్లాయి, ఇంకొన్ని సున్నపు బట్టీల్లో కాలిపోయాయి. కాన్వాసు మీద దూరాన చూపించదగ్గ ఆకారం మన ఊరికి మిగలలేదు. కాగితం మీద దగ్గరగా గీయదగ్గ రాయి మాత్రం ఇంకా ఉంది.

ఇక్కడ నా అసలు ప్రశ్న మొదలవుతుంది. మెకంజీ పనికి మూడు కాళ్లు: కొలిచేవాళ్లు, చదివేవాళ్లు, గీసేవాళ్లు. ఆయన పోయాక హెచ్.హెచ్. విల్సన్ 1828లో అచ్చువేసిన జాబితా ప్రకారం సేకరణలో 8,076 శాసనాల నకళ్లు, 2,630 బొమ్మలు ఉన్నాయి. రెండున్నర వేలకు పైగా బొమ్మలు! గీసేవాళ్లు లేకుండా ఇది సాధ్యమా? అయినా హికీ చిత్రంలో దుర్భిణి ఉంది, తాటాకు ఉంది. అట్టకు బిగించిన కాగితమో కుంచె పట్టిన సహాయకుడో లేడు. వేసినవాడు పొట్టకూటికి బొమ్మలు వేసే మనిషి. వేయించుకున్న మెకంజీ కూడా గీతతోనే పైకి వచ్చినవాడు. ఇంజినీరుగా, సర్వేయరుగా నక్షాలూ కోటల ప్లాన్లూ గీసి పేరు తెచ్చుకున్నాడు. ఇద్దరు గీతగాళ్ల మధ్య తయారైన చిత్రంలో గీత పని ఒక్కటే కనబడకుండా పోయింది. అదే తరంలో ఐరోపాలో ఒక చిత్రకారుడు తోటి చిత్రకారుణ్ణి ఎలా చూపాడో పక్కన పెట్టి చూడండి. ఫ్రెంచి చిత్రకారుడు ఏంగ్ర్ 1807 ప్రాంతంలో రోములో తన మిత్రుడు గ్రానె చిత్తరువు వేశాడు. గ్రానె చేతిలో బొమ్మల పుస్తకం, దాని మీద అతని పేరు, వెనక మబ్బు పట్టిన రోము నగరం. ఆ పుస్తకం చూడగానే ఈ మనిషి బతుకు ఏమిటో తెలిసిపోతుంది. ప్రాచీన నగరం వెనక, గీసే సాధనం చేతిలో: నియోక్లాసికల్ చిత్తరువుకు ఈ రెండూ కలిపి చూపడం చేతకాని పనేమీ కాదు.

దీనికి రాగల మొదటి అభ్యంతరం: ఒక చిత్రంలో అందరినీ ఇరికించలేరు, లేనివాళ్ల పేరిట చిత్రకారుడి మీద నేరం మోపడం అన్యాయం. నిజమే, నేరం మోపడం నా ఉద్దేశం కాదు. ఆయిల్ చిత్తరువు డబ్బిచ్చి వేయించుకునేది. ఎవరిని పెట్టాలన్నది వేయించుకున్నవాడి మాట కూడా. కాని ముగ్గురికి చోటు దొరికిన చోట నాలుగోవాడు ఎందుకు లేడో వెతకడం చరిత్రకారుడి పని. హికీకి డ్రాఫ్ట్స్‌మన్ విలువ తెలియదని అనుకునే వీలూ లేదు. 1792లో లార్డ్ మకార్ట్నీ రాయబారంతో చైనా వెళ్లినప్పుడు ఆ బృందానికి అధికారిక చిత్రకారుడు హికీయే. ఆయన కింద డ్రాఫ్ట్స్‌మన్‌గా విలియం అలెగ్జాండర్ అనే కుర్రాడు వెళ్లాడు. రెండేళ్ల ప్రయాణంలో హికీ వేసింది అంటూ చెప్పుకోదగ్గది దాదాపు ఏమీ లేదు. అలెగ్జాండర్ వందల బొమ్మలు గీశాడు, ఐరోపా ఆ తర్వాత చాలాకాలం చైనాను చూసింది ఆ బొమ్మల్లోనే. పెద్ద పేరు చిత్రకారుడిది, మిగిలిన పని డ్రాఫ్ట్స్‌మన్‌ది. ఇరవయ్యేళ్ల తర్వాత అమరావతిలో జరిగింది కూడా అదే.

కాబట్టి కారణం వ్యక్తిలో కాదు, కళకు ఆ కాలం వేసిన అంతస్తుల్లో ఉంది. లండన్ రాయల్ అకాడమీలో జాషువా రెనాల్డ్స్ ఏళ్ల తరబడి ఇచ్చిన ఉపన్యాసాలు ఆ అంతస్తులను ఒక సిద్ధాంతంగా స్థిరపరిచాయి. పైన చారిత్రక, పౌరాణిక చిత్రం. దాని కింద చిత్తరువు. అన్నిటికన్నా అడుగున ఉన్నది ఉన్నట్టు దించే నకలు. ఊహించేవాడు కళాకారుడు, నకలు తీసేవాడు పనివాడు. ఈ మెట్ల మీద హికీ కూడా కోరుకున్న మెట్టు ఎక్కలేకపోయాడు. శ్రీరంగపట్నం పతనం మీద పెద్ద చారిత్రక చిత్రాల వరస వేస్తానని 1799లో ఉత్సాహపడ్డాడు, అది సాగలేదు. ఈస్టిండియా కంపెనీకి చారిత్రక చిత్రకారుడిగా నియమించమని అడిగాడు, దక్కలేదు. చిత్తరువులతోనే మద్రాసులో బతికి 1824లో అక్కడే పోయాడు. పై మెట్టు అందని మనిషికి కింది మెట్టు మీద కూర్చున్నవాడు కంటికి ఆనకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించదు, బాధ మాత్రం కలిగిస్తుంది.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. చిత్రంలో ఉన్న ముగ్గురు భారతీయులకు మాత్రం గౌరవం దక్కిందని ఎలా అంటారు? దొర పక్కన నల్లవాళ్లను అలంకారంగా నిలబెట్టడం ఆ కాలపు అలవాటు కదా. లోపల ఉన్నా బయట ఉన్నా ఒకటే. సగం ఒప్పుకుంటాను. అలవాటు నిజం. అయితే హికీ భారతీయులను వట్టి అలంకారంగానే చూసేవాడని చెప్పడానికి ఆయన మిగతా చిత్రాలు ఒప్పుకోవు. జందానీగా భావించే ఒక భారతీయ స్త్రీని, మైసూరు దివాన్ పూర్ణయ్యను, టిపూ కొడుకులను ఎవరి ముఖం వారిదిగా, ఎవరి చూపు వారిదిగా వేశాడు. మెకంజీ చిత్తరువులోని ముగ్గురూ మూసలో పోసిన నౌకర్లు కారు. పని చేతిలో పట్టుకున్న మనుషులు. తాటాకు పట్టిన మనిషి జైన పండితుడు ధర్మయ్య అనీ, దుర్భిణి పట్టింది కిష్ణాజీ అనే బంట్రోతు అనీ, మిగిలినవారు కావలి వెంకట లక్ష్మయ్య అనీ పండితులు ఊహిస్తున్నారు. ఏలూరు నియోగి కుటుంబానికి చెందిన కావలి సోదరులు లేకపోతే మెకంజీకి దేశభాషల తలుపు తెరుచుకునేదే కాదు. 1817లో అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు రాసిన ఉత్తరంలో ఆయనే ఆ మాట ఒప్పుకున్నాడు. ఆ సోదరుల్లో చిన్న వయసులోనే 1803లో చనిపోయిన బొర్రయ్యను తలచుకున్నాడు. కొండవీడు నుంచి అద్దంకి దాకా కరణాల చేత రాయించిన గ్రామ వృత్తాంతాలు, అంటే కైఫియత్తులు, ఇవాళ మన చేతిలో ఉన్నాయంటే లక్ష్మయ్య నడిపిన ఆ ఏర్పాటు వల్లే.

అభ్యంతరంలో మిగిలిన సగానికి జవాబు చరిత్రే ఇచ్చింది, అది చేదు జవాబు. మెకంజీ 1821లో చనిపోయాక ఆ సేకరణను తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య అడిగాడు. 1830లలో విషయం కలకత్తా ఏషియాటిక్ సొసైటీ ముందుకు వచ్చింది. జేమ్స్ ప్రిన్సెప్ వంటివాళ్లు, ఇంత పనికి నాయకత్వం వహించడం లక్ష్మయ్య వల్ల కాదని తేల్చారు. పని విలియం టేలర్ అనే పాద్రీ చేతికి వెళ్లింది. పాతికేళ్లకు పైగా ఆ పని చేసిన మనిషికి ఆ పని రాదన్నారు! కాన్వాసులో చోటు దొరకడం హోదా దొరకడం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. అందుకే డ్రాఫ్ట్స్‌మన్లు కాన్వాసులోకి రాలేదన్నది నాకు ఫిర్యాదు కాదు, ఆధారం. ఆ కాలం ఏ పనిని పనిగా గుర్తించిందో, దేన్ని వట్టి చేతిపనిగా కొట్టేసిందో చెప్పే ఆధారం.

ఇక ఆ కాగితాల దగ్గరికి వద్దాం. అమరావతికి వచ్చిన డ్రాఫ్ట్స్‌మన్లలో ఎక్కువమంది మద్రాసు సర్వే స్కూలు నీడలో తయారైనవాళ్లు. 1794లో మైకేల్ టాపింగ్ పెట్టిన ఆ బడి తర్వాత గిండీ ఇంజినీరింగ్ కాలేజీ అయింది. మొదట్లో అందులో చేరినవాళ్లు సిపాయి దొరలకు ఇక్కడి స్త్రీలకు పుట్టి అనాథాశ్రమంలో పెరిగిన పిల్లలు. అటు దొరలూ ఇటు దేశీయులూ తమవాళ్లని చెప్పుకోని కుర్రాళ్లు. హెన్రీ హామిల్టన్, థామస్ ఆండర్సన్ వంటి పేర్లు అమరావతి పటాల మీద కనబడతాయి. వాళ్లతోపాటు మురుగేశ మొదలియారు అనే తమిళ పేరూ ఉంది. 1816 నుంచి రెండు మూడేళ్లపాటు సాగిన ఈ పనిలో దిబ్బ ప్లానుతో కలిపి ఎనభైకి పైగా పటాలు తయారయ్యాయి.

ఒక రకం పలకను దగ్గరగా చూడండి. స్తూపం అండం (గుమ్మటం) కింది గుండ్రని పీఠానికి చుట్టూ తాపిన పలకల్లో కొన్నింటి మీద స్తూపాన్నే చెక్కారు. కింద ప్రాకారం, వాకిలి దగ్గర స్తంభాల మీద కూర్చున్న సింహాలు, వాకిలికి ఎదురుగా వేదిక మీద వరసగా ఐదు ఆయక స్తంభాలు, పైన దండలు చుట్టిన అండం, రెండు పక్కలా గాలిలో ఎగిరే దేవతలు. 1816 నాటికి అసలు స్తూపం నేలమట్టం. ఈ చెక్కడాల్లోనే దాని రూపం మిగిలింది. ఆ ఐదు స్తంభాలు దేనికో గీసేవాళ్లకు తెలియదు, గీయించేవాడికీ తెలియదు. అయినా వాటిని కుదించలేదు, తమ ఊహ జోడించలేదు. అంచు విరిగిన చోట విరుపును విరుపుగానే గీశారు. పలక అడుగున బ్రాహ్మీ అక్షరాలుంటే వాటినీ ఎక్కించారు. ఆ లిపిని ప్రిన్సెప్ చదవగలిగింది 1837లో. చదవలేని అక్షరాన్ని, అర్థం తెలియని దృశ్యాన్ని ఆకారం చెడకుండా దించడానికి ఎంత సంయమనం కావాలో ఆలోచించండి. రెనాల్డ్స్ మెట్లలో అడుగున పడ్డ గుణం ఇదే. మనకు కావలసిన గుణం కూడా ఇదే.

ఇక్కడ జాగ్రత్తపరులు ఒక మాట అంటారు: ఆ పటాలు కూడా ఐరోపా శిక్షణలో పుట్టినవే కదా, గ్రీకు శిల్పాన్ని గీసే పద్ధతిలో మన రాతిని గీశారేమో, వాటిని సాక్ష్యంగా ఎంతవరకు నమ్మాలి? సరైన ప్రశ్నే. పటాల్లోని కొన్ని ముఖాల్లో, ఒంటి మలుపుల్లో ఆ శిక్షణ తొంగిచూస్తుంది కూడా. నీటి సిరా నీడలు రాతికి లేని నునుపు తెస్తాయి. కాని పరీక్షించే దారి ఉంది. వాళ్లు గీసిన పలకల్లో కొన్ని ఇవాళ మద్రాసు ఎగ్మూరు మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. రాతినీ పటాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే మనుషుల సంఖ్య, వాళ్ల నిలకడ, దృశ్యాల వరస, విరిగిన చోట్లు సరిపోతాయి. ఉన్న రాళ్ల విషయంలో నిజం చెప్పిన చేతిని, పోయిన రాళ్ల విషయంలోనూ నమ్మడానికి ఇది చాలిన హామీ. పోయినవి తక్కువేమీ కాదు. 1845లో వాల్టర్ ఎలియట్ మళ్లీ తవ్వేనాటికి మెకంజీ మనుషులు చూసిన పలకల్లో చాలావాటి జాడ లేదు. పటంలో తప్ప భూమ్మీద ఎక్కడా లేనివి వాటిలో ఉన్నాయి. 1868లో జేమ్స్ ఫెర్గూసన్ అమరావతిని లోకానికి చూపించిన తన పెద్ద పుస్తకానికి, లండన్‌లో మూలపడి ఉన్న ఎలియట్ రాళ్ల ఫోటోలతోపాటు ఈ పటాలనే వాడుకున్నాడు. స్తూపాన్ని కాగితం మీద తిరిగి నిలబెట్టాలని చూసిన ప్రతివాడూ అప్పటి నుంచి వాటి దగ్గరికే వెళ్తున్నాడు.

గీయడమే దోపిడీకి మొదటి మెట్టు కాదా, పటం చూశాకనే కదా రాళ్ల మీద కన్ను పడింది అనే కోపం మన వైపు ఉంది. ఆ కోపానికి కారణముంది, మెకంజీ తానే కొన్ని పలకలు తరలించాడు. అయినా ఆ నేరాన్ని పెన్సిలు మీద వేయలేం. మెట్లకూ సున్నానికీ రాళ్లు పోవడం పటాలకు ముందే మొదలైంది, వాటి తర్వాతా ఆగలేదు. ఓడెక్కిన రాయి ఎక్కడుందో కనీసం తెలుసు, అడగడానికి చిరునామా ఉంది. బట్టీలో కాలిన రాయికి పటం తప్ప ఏ చిరునామా లేదు.

హికీ కాన్వాసూ అమరావతి పటాల సంపుటమూ ఇవాళ ఒకే చోట, లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. కాన్వాసు మీది ముగ్గురిలో ఎవరు ఎవరన్నది ఊహ మాత్రమే. ధర్మయ్య అన్న చోట మరొక పేరు, లక్ష్మయ్య అన్న చోట ఇంకొక పేరు ఎవరైనా ప్రతిపాదించవచ్చు, ప్రతిపాదించారు కూడా. పటాల దగ్గర ఆ ఇబ్బంది లేదు. చాలావాటి అడుగున రాయి ఎక్కడిదో, ఏ తేదీన గీశారో, ఎవరు గీశారో గీసినవాళ్ల చేతిరాతలోనే ఉంది. అమరావతి మీద మనం వేసే పుస్తకాల్లో, మ్యూజియం గోడల మీద ఆ బొమ్మల కింద ఇన్నాళ్లూ 'మెకంజీ డ్రాయింగ్' అని రాసుకుంటూ వచ్చాం. హామిల్టన్ అని, ఆండర్సన్ అని, మురుగేశ మొదలియారు అని రాయడానికి కొత్త పరిశోధన ఏమీ అక్కర్లేదు, కాగితం అడుగు భాగాన్ని కత్తిరించకుండా అచ్చువేస్తే చాలు.